పోస్టింగు మారిన ఉదయం

మన సంఘం సమావేశాలలో మిత్రులు నన్ను తరచుగా అడిగే ప్రశ్న ఒకటుంది. "డాక్టరుగారూ, మోకాలి నొప్పితో పెద్దాసుపత్రికి వెళితే ప్రతిసారీ ఒక కొత్త కుర్ర డాక్టరు కనిపిస్తాడు. పోయినసారి చూసినతను ఏమైనట్టు?" అని. ఈ ప్రత్యేక సంచికలో దానికి జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను.

అతను ఎక్కడికీ పోలేదు. అతని పోస్టింగు మారింది, అంతే.

ఎముకల వైద్యం ఒకప్పుడు ఇంటి విద్య. విరిగిన తొడ ఎముకకు వాడే థామస్ స్ప్లింటును రూపొందించిన హ్యూ ఓవెన్ థామస్ తండ్రి, మన పుత్తూరు కట్టు వేసేవారిలాగే, వంశపారంపర్యంగా ఎముకలు కట్టే మనిషి. కొడుకు మాత్రం వైద్యకళాశాలలో చదివి లివర్‌పూల్‌లో డాక్టరయ్యాడు. ఆయన వద్ద పని నేర్చిన రాబర్ట్ జోన్స్ ఆ స్ప్లింటును మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికుల కోసం వాడుకలోకి తెచ్చాడు. శిక్షణలో ఉన్న సర్జన్ ఆసుపత్రిలోనే నివసిస్తూ మెట్టుమెట్టుగా బాధ్యత మోసే పద్ధతిని అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఆసుపత్రిలో హాల్‌స్టెడ్ నెలకొల్పాడు. ఆ ఆసుపత్రి 1889లో తెరిచారు. 'రెసిడెంట్' అన్న మాట ఆ నివాసం నుంచి వచ్చినదే.

నేను 1975లో ఎం.ఎస్. ఆర్థోపెడిక్స్‌లో చేరాను. కొన్నాళ్లు క్యాజువాలిటీ, కొన్నాళ్లు వార్డు, ఆపైన ప్లాస్టర్ రూము, పోలియో క్లినిక్కు. క్యాజువాలిటీలో తొందరపడటం నేర్చుకుంటే, వెన్నెముక క్షయ రోగుల మధ్య నెలల తరబడి ఓపిక పట్టడం నేర్చుకున్నాం. పోలియో క్లినిక్కులో తల్లుల చంకల్లోని పిల్లల కాళ్లకు కాలిపర్ల కొలతలు తీసుకున్నాం. మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ వల్ల వచ్చిన చివరి కేసు 2011లో నమోదైంది. 2014లో మన ప్రాంతం పోలియో రహితమని ప్రకటించారు. ఇప్పటి విద్యార్థులకు ఆ పోస్టింగు అవసరం అంతగా లేకపోవడం ఆనందించవలసిన విషయం.

అయితే ఈ మార్పులలో ఒక ప్రమాదం ఉంది. అది నా చేతి మీదుగానే జరిగింది.

ఒక రాత్రి మామిడిచెట్టు మీదనుంచి పడిన ఏడేళ్ల పిల్లవాణ్ణి తెచ్చారు. మోచేతికి కాస్త పైన ఎముక విరిగింది. సరిచేసి చుట్టూ పూర్తి ప్లాస్టర్ వేశాను. తెల్లవారితే నాకు పోలియో క్లినిక్కు పోస్టింగు. కొత్తగా వచ్చినతనికి "అంతా బాగుంది" అని నోటిమాటగా చెప్పి వెళ్లిపోయాను. పిల్లవాడు ఏడుస్తుంటే దెబ్బ నొప్పి అనుకున్నారు.

ప్లాస్టర్ రూములో పనిచేసే పెద్దాయన ఒకరు వాడి వేళ్లు చూశాడు. వాచి, పాలిపోయి ఉన్నాయి. ఒక వేలు మెల్లగా చాపబోతే వాడు కెవ్వుమన్నాడు. ఆయన పరుగున నా దగ్గరకు వచ్చి, "సార్, కట్టు బిగిసింది, రండి" అన్నాడు. ఇద్దరం కలిసి ప్లాస్టర్‌ను పై నుంచి కింది దాకా చీల్చాం, లోపలి దూది కూడా. కొంతసేపటికి వేళ్లకు రంగు తిరిగింది. ఇంకా కొన్ని గంటలు ఆలస్యమైతే ఆ చెయ్యి జన్మంతా కొంకరపోయి ఉండేది. 1881లో ఫోక్‌మన్ వర్ణించిన అవిటితనం అదే. పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి కూడా నేను చూడలేకపోయాను.

ఆనాటి నుంచి రిటైరయ్యేవరకు, పోస్టింగు మారేరోజున పాత డాక్టరు, కొత్త డాక్టరు కలిసి ప్రతి మంచం దగ్గరా నిలబడాలని నా విద్యార్థులకు నియమం పెట్టాను. అప్పగించేది కాగితం కాదు, మనిషిని.

2021లో చేరినవారి నుంచి పి.జి. డాక్టర్లు మూడు నెలలు జిల్లా ఆసుపత్రులలో పనిచేయాలన్న నిబంధన వచ్చింది. మంచిదే. సౌకర్యాలు తక్కువైన చోట కన్ను పదునెక్కుతుంది.

కాబట్టి మిత్రులారా, కొత్త డాక్టరు కనిపిస్తే విసుక్కోకండి. పాత చీటీలు, ఎక్స్‌రేలు వెంట తీసుకువెళ్లండి. మీ కథ మొదటినుంచి ఓపికగా చెప్పండి. కట్టు కింద వేళ్లు తిమ్మిరెక్కినా, నొప్పి పెరుగుతున్నా మొహమాటపడక వెంటనే చెప్పండి. ఆ కుర్రవాడికి పాఠం నేర్పేవారిలో మీరూ ఒకరు.