టాక్ షో స్టూడియోలో సీటు: రేడియో పాసుల నుంచి ఆన్‌లైన్ జాబితాల దాకా

అమెరికాలో టాక్ షో చిత్రీకరణ చూడడానికి ఇచ్చే టికెట్ మీద ధర ఉండదు. దాని బదులు ఒక షరతు ఉంటుంది: టికెట్ చేతిలో ఉన్నంత మాత్రాన లోపలికి పంపుతామన్న హామీ ఏమీ లేదని. రేడియో రోజుల నుంచి ఆ సీటుకు డబ్బు పుచ్చుకోని ఆనవాయితీ దాదాపు చెక్కుచెదరలేదు. అయితే ఉచితం అన్న మాటను జాగ్రత్తగా అర్థం చేసుకోవాలి. వచ్చిన మనిషి నుంచి ప్రసార సంస్థకు ఎప్పుడూ ఏదో ఒకటి కావాలి. ఆ కావలసింది మారినప్పుడల్లా గుమ్మం దాటే పద్ధతీ మారింది.

1920ల తొలి రేడియో స్టూడియోలో ప్రేక్షకుడికి చోటు లేదు. ప్రతిధ్వని రాకుండా గోడలకు మందపాటి తెరలు కట్టిన గదిలో మైకు ముందు కళాకారుడు ఒక్కడే నిలబడేవాడు. 1922లో న్యూజెర్సీలోని నెవార్క్ స్టేషన్‌కు తన రంగస్థల ప్రదర్శనతో వచ్చిన హాస్యనటుడు ఎడ్ విన్, నవ్వు వినిపించని ఆ నిశ్శబ్దానికి బెదిరిపోయాడని, అప్పటికప్పుడు భవనంలో ఉన్న సిబ్బందిని పోగుచేసి ఎదుట నిలబెట్టారని ప్రసార చరిత్రలో చెబుతారు. స్టూడియో ప్రేక్షకుల కథకు ఇదే మొదటి ఘట్టం అనుకోవచ్చు. వాళ్లను పిలిచింది వినోదం చూపించడానికి కాదు, నటుడికి ఊపిరి ఆడడానికి.

అయినా ఇంజనీర్లు ప్రేక్షకుల చప్పుడును చాలాకాలం శత్రువుగానే చూశారు. అద్దపు గోడకు ఇవతల కూర్చోబెట్టి చూడనివ్వడం, నవ్వొద్దని చప్పట్లు కొట్టొద్దని ముందే చెప్పడం ఆనాటి మర్యాదలు. 1933లో న్యూయార్క్ రాక్‌ఫెల్లర్ సెంటర్‌లో ఎన్‌బీసీ ప్రసార సంస్థ కొత్త భవనం తెరిచాక పరిస్థితి మారింది. అక్కడి 8హెచ్ స్టూడియోలో వెయ్యిమందికి పైగా కూర్చోగలిగేవారు. 1937 క్రిస్మస్ రాత్రి అక్కడే ఆర్కెస్ట్రా నిర్దేశకుడు టోస్కనీనీ సంగీత కచేరీ మొదలైనప్పుడు, కాగితం చప్పుడు మైకులోకి పోకుండా కార్యక్రమ పత్రాన్ని పట్టుబట్ట మీద అచ్చు వేశారు. జనాన్ని లోపలికి తీసుకెళ్లి కూర్చోబెట్టడానికి యూనిఫాం వేసుకున్న యువకుల దళాన్ని ఎన్‌బీసీ 1933లోనే ఏర్పాటు చేసింది. పేజీలు అని పిలిచే ఆ ఉద్యోగం నేటికీ ఉంది.

రేడియో కార్యక్రమాలు అప్పట్లో ఎక్కువగా ప్రకటనదారుల సొత్తు. అందుచేత పాసులు కూడా వాళ్ల చేతుల్లోనే తిరిగేవి. సబ్బుల కంపెనీ, కాఫీ కంపెనీ తమ డీలర్లకు, ఖాతాదారులకు పంచుకోగా మిగిలినవే ఉత్తరం రాసి అడిగిన శ్రోతకు దక్కేవి. తెలిసినవాళ్లుంటే సీటు దొరకడమనేది ఈ రంగంలో అంత పాతది.

టెలివిజన్ వచ్చాక సంస్థలు బ్రాడ్‌వే పరిసరాల్లోని పాత నాటకశాలలను తీసుకుని స్టూడియోలుగా మార్చాయి. 1927లో కట్టిన హామర్‌స్టీన్ థియేటర్ 1936లో సీబీఎస్ రేడియో వేదిక అయింది. టీవీ రోజుల్లో దాన్ని స్టూడియో 50 అన్నారు. 1967లో, అక్కడ టీవీ షో నడిపిన ఎడ్ సల్లివన్ పేరు దానికి పెట్టారు. సల్లివన్‌ది టాక్ షో కాదు, ఆటపాటల కార్యక్రమం. అయినా సీటు కోసం పోటీ ఎంత దూరం పోగలదో చూపింది ఆ భవనమే. 1964 ఫిబ్రవరి 9న బీటిల్స్ అక్కడ పాడినప్పుడు లోపల ఉన్న సీట్లు 728. టికెట్లు అడిగినవారు 50 వేలకు పైనే.

అదే కాలంలో ఒక యంత్రం స్టూడియో ప్రేక్షకుల అవసరాన్నే ప్రశ్నించింది. సీబీఎస్ ఇంజనీరు చార్లీ డగ్లస్ 1950లలో రకరకాల నవ్వులను టేపుల మీద పట్టి, మీట నొక్కితే వినిపించే పెట్టె తయారుచేశాడు. హాస్య ధారావాహికలు చాలావరకు ఆ పెట్టెకు అలవాటుపడ్డాయి. టాక్ షో మాత్రం పడలేదు. రాసుకున్న సంభాషణకు నవ్వు తరువాతైనా అతికించవచ్చు. ఎదుటివాళ్ల ముఖాలు చూసి మాట తిప్పుకునే వ్యాఖ్యాతకు ఆ నవ్వు ఆ క్షణానే కావాలి. పేలని జోకు మీద ఇంకో జోకు వేసి గట్టెక్కడం ‘టునైట్’ షో వ్యాఖ్యాత జానీ కార్సన్ ప్రత్యేక విద్య. ఎదురుగా నవ్వని జనం నిజంగా ఉంటేనే ఆ విద్య పనిచేస్తుంది.

రాత్రివేళ టాక్ షోకు రూపం ఇచ్చిన ‘టునైట్’ 1954 సెప్టెంబరు 27న స్టీవ్ ఆలెన్ వ్యాఖ్యాతగా న్యూయార్క్ హడ్సన్ థియేటర్ నుంచి దేశమంతా ప్రసారమైంది. ఆలెన్ మైకు పట్టుకుని వరసల మధ్యకు నడిచేవాడు. 1962 అక్టోబరు 1న కార్సన్ చేతికి వచ్చిన ఆ షో 1972లో కాలిఫోర్నియాలోని బర్‌బ్యాంక్‌కు తరలింది. అక్కడ సీటుకు రెండు దారులు ఉండేవి. వారాల ముందు ఉత్తరం రాసి టికెట్లు తెప్పించుకోవడం ఒకటి, చిత్రీకరణ రోజు పొద్దున్నే ఎన్‌బీసీ కౌంటర్ దగ్గర వరసలో నిలబడడం రెండోది. సెలవులకు కాలిఫోర్నియా వచ్చిన కుటుంబాలు డిస్నీల్యాండ్‌తో పాటు దీన్నీ ప్రయాణంలో ఒక మజిలీగా పెట్టుకునేవి. 1992 మే 22న కార్సన్ చివరి షోకు మాత్రం గుమ్మం మూసుకుంది. ఆ సాయంత్రం సీట్లన్నీ కుటుంబ సభ్యులవి, మిత్రులవి, సిబ్బందివి. అంతకుముందు రోజు షోయే మామూలు జనానికి ఆఖరి అవకాశం అయింది.

ప్రేక్షకుడి పని నవ్వడం నుంచి మాట్లాడడానికి మారింది ఒహాయోలోని డేటన్ అనే చిన్న నగరంలో. అదీ ఒక పాత టికెట్ పుణ్యమే. 1967 నవంబరు 6న ఫిల్ డోనహ్యూ అక్కడి స్థానిక ఛానెల్‌లో పగటి షో మొదలుపెట్టాడు. తొలి అతిథి, బడుల్లో ప్రార్థనలకు వ్యతిరేకంగా సుప్రీంకోర్టు దాకా వెళ్లి గెలిచిన నాస్తికవాది మాడలిన్ మరే ఓహేర్. ఆ సమయంలో అంతకుముందు వచ్చిన వినోద కార్యక్రమానికి టికెట్లు అప్పటికే పంచేసి ఉన్నారు. వాటిని రద్దు చేయకుండా ఆ జనాన్నే తెచ్చి కూర్చోబెట్టారు. ఎక్కువమంది గృహిణులు. ప్రకటనల విరామంలో వాళ్లు అతిథిని అడుగుతున్న ప్రశ్నలు తన ప్రశ్నలకంటే పదునుగా ఉన్నాయని డోనహ్యూ కొద్ది రోజుల్లోనే గమనించాడు. కుర్చీ వదిలి, మైకు చేతపట్టుకుని మెట్లమీదుగా వాళ్ల మధ్యకు వెళ్లాడు. టెలివిజన్‌లో సామాన్య స్త్రీ గొంతుకు దక్కిన ఆ చోటు చిన్నదేమీ కాదు. ఆ షో 1974లో షికాగోకు, 1985లో న్యూయార్క్‌కు మారి 1996 దాకా నడిచింది. ప్రశ్న అడగగలవాళ్లు ప్రేక్షకుల్లో ఉంటేనే నిలిచే షో అది. టికెట్ అడిగే జనానికీ ఆ సంగతి తెలుసు.

షికాగోలోనే మరో మలుపు వచ్చింది. 1984 జనవరిలో స్థానిక ఉదయపు షోకు వచ్చిన ఓప్రా విన్‌ఫ్రీ, 1986 సెప్టెంబరు 8 నుంచి తన పేరుతో దేశమంతటికీ కనిపించింది. తరువాత నగరానికి పడమటి వైపు వాషింగ్టన్ బూలవార్డ్‌లో హార్పో అనే సొంత స్టూడియో పెట్టుకుంది. టికెట్లు ఫోనులో బుక్ చేసుకోవలసి వచ్చేది. లైన్ కలవడమే గగనం. రోజుల తరబడి నంబరు తిప్పినవాళ్ల కథలు ఆ ఊళ్లో కొల్లలు. ఫోనుతో పాటు ఇంకో తలుపు కూడా తెరుచుకుంది: రాబోయే ఎపిసోడ్ అంశానికి సరిపోయే జీవితం ఉన్నవాళ్లు తమ కథ రాసి పంపవచ్చు. అప్పులు, విడాకులు, బరువు తగ్గడం, విడిపోయిన తోబుట్టువులు ఇలా అంశమేదైనా, దాన్ని అనుభవించినవాళ్లనే వెతికి వరసల్లో నింపేవారు. అంతవరకు సీటు ముందు వచ్చినవాడిది. ఇక్కడి నుంచి ఎంపికైనవాడిది.

2004 సెప్టెంబరు 13 నాటి ఎపిసోడ్ ఇందుకు మంచి ఉదాహరణ. ఆ రోజు స్టూడియోలో ఉన్న 276 మందికీ తలా ఒక పాంటియాక్ జీ6 కారు ఇచ్చారు. వాళ్లు యాదృచ్ఛికంగా అక్కడికి వచ్చినవారు కాదు. కొత్త కారు అవసరం ఎంతగా ఉందో బంధుమిత్రులు రాసి పంపగా ఎంచుకున్నవారు. కార్లు ఇచ్చింది తయారీ సంస్థే. దాదాపు 28 వేల డాలర్ల ఆ బహుమతిని అమెరికా చట్టం ఆదాయంగా లెక్కిస్తుంది కాబట్టి కొందరికి 7 వేల డాలర్ల దాకా పన్ను పడింది. ఉచిత సీటుకు బిల్లు వచ్చిన సందర్భం ఇది. 2010లో చివరి సీజన్ తొలి ఎపిసోడ్‌లో 300 మంది ప్రేక్షకులను ఆస్ట్రేలియా తీసుకెళ్తామని ప్రకటించాక ఆ టికెట్ లాటరీని మించిపోయింది. 2011 మే 17న వీడ్కోలు సభను స్టూడియోలో పెట్టే వీలు లేక యునైటెడ్ సెంటర్ అనే క్రీడాప్రాంగణంలో జరిపారు. వచ్చినవారు సుమారు 13 వేలు.

ఎవరిని కూర్చోబెడతారన్నది షో స్వభావాన్నే నిర్ణయిస్తుందని ఇంకొన్ని ఉదాహరణలూ చెబుతాయి. 1989 జనవరిలో మొదలైన ఆర్సెనియో హాల్ షోలో పిడికిలి తిప్పుతూ కేకలు వేసే యువతకు ‘డాగ్ పౌండ్’ అని ప్రత్యేక విభాగమే ఉండేది. కార్సన్ ముందు కూర్చున్న జనానికీ వీళ్లకూ వయసులోను, వర్ణంలోను తేడా కొట్టొచ్చినట్టు కనిపించేది. అట్లాంటిక్ అవతల బీబీసీ 1979లో ప్రారంభించిన ‘క్వశ్చన్ టైమ్’ అనే రాజకీయ చర్చకు దరఖాస్తు చేసేవారిని వారి రాజకీయ అభిప్రాయాలు అడుగుతారు. ఒకే పక్షం వాళ్లతో గది నిండిపోతే చర్చ చెడుతుందని. ఆ ప్రశ్న అమెరికా హాస్య షోల్లో ఎవరూ అడగరు. వాళ్ల లెక్క వేరు.

ఆ లెక్క డేవిడ్ లెటర్‌మన్ దగ్గర స్పష్టంగా కనబడుతుంది. 1993 ఆగస్టు 30న ఎడ్ సల్లివన్ థియేటర్‌లో ‘లేట్ షో’ ప్రారంభించిన లెటర్‌మన్ 2015 మే 20 దాకా అక్కడే ఉన్నాడు. ముందస్తు టికెట్ లేనివారు చిత్రీకరణ రోజు ఉదయం 11 గంటలకు ఒక నంబరుకు ఫోను చేయాల్సి ఉండేది. లైన్ కలిస్తే షో గురించి ఒక చిన్న ప్రశ్న వేసేవారు. జవాబు తెలిసిందా, స్టాండ్‌బై టికెట్ దక్కేది. ఊరు చూడవచ్చి ఖాళీ సాయంత్రం గడుపుకునే మనిషి కంటే, షోను రోజూ చూసే అభిమాని గట్టిగా నవ్వుతాడు. వడపోత ఉద్దేశం అదే. హాలును చలి పుట్టేంత చల్లగా ఉంచేవారన్నది కూడా ప్రసిద్ధమే. వెచ్చటి గదిలో జనం కునుకు తీస్తారు, నవ్వరు.

స్టాండ్‌బై వరస ఎందుకు పుట్టిందో తెలియాలంటే ఉచిత టికెట్ గుణం తెలియాలి. డబ్బు పెట్టని వస్తువును మనిషి సులువుగా వదులుకుంటాడు. వర్షం పడినా, పిల్లవాడికి జ్వరం వచ్చినా రాడు. కెమెరా తిరిగినప్పుడు ఖాళీ కుర్చీలు కనబడితే షో పరువు పోతుంది. అందుకని సీట్లకు మించి టికెట్లు పంచుతారు. వరసలో వెనక ఉన్నవాళ్లు టికెట్ ఉండి కూడా వెనుదిరగవలసి వస్తుంది. ఇంకా ఖాళీ మిగిలితే స్టాండ్‌బై వరసకు పిలుపు. గంటల తరబడి నిలబడ్డవాళ్లలో ఎందరికి చోటు దొరుకుతుందో ఆ క్షణం దాకా సిబ్బందికే తెలియదు. ఈ పద్ధతి ప్రేక్షకులకు కష్టమే. ప్రసారకులకు మాత్రం నిండు హాలు ఖాయం.

రాత్రి 11.35కు ప్రసారమయ్యే షోను సాధారణంగా ఆ సాయంత్రమే చిత్రిస్తారు. మధ్యాహ్నం నుంచే బయట వరస మొదలవుతుంది. గుర్తింపు కార్డు చూస్తారు. పదహారో, పద్దెనిమిదో ఏళ్ల కనీస వయసు ఉంటుంది. ఫోన్లు కట్టేయమంటారు. పెద్ద పెద్ద కంపెనీ గుర్తులున్న చొక్కాలు వద్దంటారు. వరసలో ఉన్నప్పుడే సిబ్బంది పలకరించి, ఎవరు ఉత్సాహంగా ఉన్నారో కనిపెట్టి వాళ్లను ముందు వరసలకు చేరుస్తారు. ఫలానా కుర్చీ నాది అనే హక్కు అక్కడ ఎవరికీ లేదు. కూర్చున్నాక ఒక హాస్యగాడు వచ్చి పది, పదిహేను నిమిషాలు నవ్వించి, చప్పట్ల దీపం వెలిగితే ఏం చేయాలో చెబుతాడు. టీవీలో కనబడని ఈ వార్మప్ కళాకారుడి నైపుణ్యం మీదే వ్యాఖ్యాత తొలి జోకు గతి ఆధారపడుతుంది. నాటకశాలల్లో డబ్బిచ్చి చప్పట్లు కొట్టించడం పందొమ్మిదో శతాబ్దపు పారిస్‌లోనే ఒక వ్యాపారంగా ఉండేది. లాస్ ఏంజిలిస్‌లో కూడా గిరాకీ లేని షోల కుర్చీలు నింపడానికి మనుషులకు కూలి ఇచ్చే సంస్థలు పుట్టుకొచ్చాయి. పేరున్న టాక్ షోకు ఆ అగత్యం రాదు.

ఇంటర్నెట్ వచ్చాక పోస్టుకార్డు, ఫోను రెండూ పక్కకు తప్పుకున్నాయి. ఇప్పుడు వన్ అయోటా వంటి వెబ్‌సైట్లలో ఖాతా తెరిచి, తేదీ ఎంచుకుని, వెయిటింగ్ లిస్టులో పేరు నమోదు చేయాలి. దూరపు ఊళ్లవాళ్లకు ఇది నిజంగా మేలు చేసింది. న్యూయార్క్‌లో తెల్లవారుజామున నిలబడగలిగినవాళ్లకే ఉన్న అవకాశం అందరికీ వచ్చింది. మరోవైపు వయసు, ఊరు, ఇష్టాలు అన్నీ ముందే సంస్థ చేతికి అందుతున్నాయి. ఎంపిక ఎక్కడ, ఎలా జరిగిందో దరఖాస్తుదారుకు కనబడదు.

చివరికి చట్టం కూడా ఈ కుర్చీలను లెక్కపెట్టింది. ‘టునైట్ షో’ను కాలిఫోర్నియా నుంచి వెనక్కు రప్పించుకునేందుకు 2013లో న్యూయార్క్ రాష్ట్రం పన్ను రాయితీ ప్రకటించింది. అందులో పెట్టిన నిబంధనల్లో ఒకటి, కనీసం 200 మంది స్టూడియో ప్రేక్షకుల ఎదుట చిత్రించాలని. 2014 ఫిబ్రవరి 17న కొత్త వ్యాఖ్యాత జిమ్మీ ఫాలన్‌తో ఆ షో రాక్‌ఫెల్లర్ సెంటర్‌లోని 6బీ స్టూడియోకు, అంటే కార్సన్ పదేళ్లు కూర్చున్న చోటికే తిరిగి చేరింది.

2020 మార్చిలో కోవిడ్ మూలంగా న్యూయార్క్ షోలన్నీ కొద్ది రోజుల తేడాతో ప్రేక్షకులను ఆపేశాయి. లెటర్‌మన్ వారసుడు స్టీఫెన్ కోల్‌బేర్ మార్చి 12న ఖాళీ కుర్చీల ముందు, సిబ్బంది నవ్వులతో షో నడిపాడు. తరువాత నెలల పాటు ఇంటి నుంచి, ఆపై థియేటర్ భవనంలోని చిన్న గది నుంచి మాట్లాడినప్పుడు ఎదుట ఉన్నది భార్య, ఒకరిద్దరు సిబ్బంది. నెవార్క్‌లో ఎడ్ విన్ కోసం పోగుచేసిన ఆ కొద్దిమంది లాంటివాళ్లే. 2021 జూన్ 14న ఎడ్ సల్లివన్ థియేటర్ మళ్లీ నిండింది. అప్పట్లో లోపలికి వెళ్లాలంటే టికెట్‌తో పాటు టీకా వేయించుకున్న రుజువు చూపించాల్సి వచ్చింది. మాస్కు పెట్టుకోవడం, మానడం ప్రేక్షకుల ఇష్టానికే వదిలేశారు.