క్లౌడ్ స్కేలింగు పద్ధతులు

క్లౌడ్ కంప్యూటింగులో ఒక అనువర్తనానికి కేటాయించిన సర్వర్ల సంఖ్యను రద్దీని బట్టి పెంచడాన్ని, తగ్గించడాన్ని స్కేలింగు అంటారు. నిర్వాహకుడు స్వయంగా ఈ పని చేస్తే అది మాన్యువల్ స్కేలింగు. గత వాడకాన్ని విశ్లేషించి, రాబోయే రద్దీని ముందే లెక్కగట్టి, వ్యవస్థ తనంతట తానే చేస్తే అది ప్రెడిక్టివ్ స్కేలింగు, అనగా అంచనా ఆధారిత పద్ధతి.

నేపథ్యం

అమెజాన్ సంస్థ 2006లో ఈసీ2 సేవను ప్రారంభించినపుడు సర్వర్లను వాడుకరులే చేర్చుకొని, తొలగించుకొనేవారు. 2009లో ఆటో స్కేలింగు వచ్చింది. ఇది రద్దీ పెరిగిన తరువాతనే స్పందిస్తుంది. కొత్త సర్వరు సిద్ధమయ్యేలోగా కొన్ని నిమిషాలు గడచిపోతాయి. ఈ లోటు తీర్చడానికి 2018లో అంచనా ఆధారిత పద్ధతిని ప్రవేశపెట్టారు.

పనిచేయు విధానం

అమెజాన్ పద్ధతిలో గరిష్ఠంగా గత 14 రోజుల సమాచారాన్ని పరిశీలించి, రాబోయే 48 గంటలకు గంటవారీ అంచనా తయారుచేస్తారు. ఇందుకు కనీసం 24 గంటల సమాచారం అవసరం. మైక్రోసాఫ్ట్ అజ్యూర్‌లో కనీసం 7 రోజుల సమాచారం కావాలి. కనుక రోజువారీ, వారంవారీ ఆవృత్తులను ఈ పద్ధతి చక్కగా గుర్తిస్తుంది. ఏడాదికొకసారి వచ్చే రద్దీ మాత్రం 14 రోజుల పరిధిలోకి రాదు.

గుంటూరు, ప్రకాశం ప్రాంతాల ఉదాహరణ

గుంటూరు మిర్చి యార్డు ధరలను తెలిపే ఒక అనువర్తనాన్ని ఊహించుకోవచ్చు. కొత్త పంట వచ్చే నెలలలో, పనిదినాలలో ఉదయంపూట రద్దీ ఒకే తీరుగా ఉంటుంది. దీనికి అంచనా పద్ధతి సరిపోతుంది. వేసవి సెలవుల అనంతరం యార్డు తెరిచే రోజున మాత్రం గత రెండు వారాల లెక్క తక్కువ రద్దీనే సూచిస్తుంది.

పత్తి విషయమూ ఇంతే. భారత పత్తి సంస్థ (సీసీఐ) 2025-26 సీజనుకు రైతుల నమోదు, స్లాట్ల కేటాయింపు కొరకు కపాస్ కిసాన్ యాప్‌ను ప్రవేశపెట్టింది. ఇటువంటి సేవకు తొలి రోజున గత చరిత్ర ఉండదు. ఆనాడు సేవ మొరాయిస్తే స్లాటు దొరకని రైతు మద్దతు ధర వదులుకొని, తక్కువ ధరకు వ్యాపారికి అమ్ముకోవలసి రావచ్చు.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల వద్ద తీరం దాటింది. అటువంటి రోజులలో పెరిగే రద్దీ గత లెక్కలలో కనబడదు. వాతావరణ శాఖ హెచ్చరిక విన్న నిర్వాహకుడే ముందుగా సర్వర్లను పెంచగలడు.

ఎంపిక

* రోజూ, వారంవారం ఒకే తీరున రద్దీ ఉంటే: అంచనా పద్ధతి.
* తేదీ, సమయం ముందే తెలిస్తే: నిర్ణీత కాలానికి పెంచే షెడ్యూల్డ్ స్కేలింగు.
* కొత్త సేవ, లేదా అసాధారణ ఘటన అయితే: మాన్యువల్ పద్ధతి.

మాన్యువల్ పద్ధతిలో అవసరం తీరిన తరువాత సర్వర్లను తగ్గించడం మరచితే ఖర్చు వృథా అవుతుంది. అమెజాన్ అంచనా పద్ధతి సర్వర్లను పెంచుతుందే గాని తగ్గించదు. అందుచేత దానికి తోడుగా రద్దీకి స్పందించే పద్ధతిని కూడా ఉంచుతారు. కనిష్ఠ, గరిష్ఠ పరిమితులను మనిషే నిర్ణయించి, ఆ మధ్య హెచ్చుతగ్గులను యంత్రానికి వదలడం అనుకూలమైన మార్గం.

ఇవి కూడా చూడండి

* క్లౌడ్ కంప్యూటింగ్
* గుంటూరు మిర్చి
* కనీస మద్దతు ధర