అడమంటైన్

అడమంటైన్: వాడుకలో అరుదైన ఆంగ్ల విశేషణం. వజ్రమంత కఠినమైన, ఎంతకీ లొంగని అని అర్థం. తెలుగులో 'వజ్రకఠోరం' దీనికి దగ్గరి మాట.

వ్యుత్పత్తి: లొంగదీయరానిది అనే అర్థమున్న 'అడమాస్' అనే గ్రీకు పదం దీనికి మూలం. 'డైమండ్' కూడా అక్కడి నుంచే పుట్టింది.

వాడుక: సాహిత్యంలో సంకెళ్లకు, కోటగోడలకు, మనిషి పట్టుదలకు ఈ విశేషణం చేరుస్తారు. ఆంగ్ల కవి మిల్టన్ 1667లో వెలువరించిన 'ప్యారడైజ్ లాస్ట్'లో ఇది కనిపిస్తుంది. ఖనిజశాస్త్రంలో మాత్రం ఇది మెరుపును తెలిపే పారిభాషిక పదం. వక్రీభవన గుణకం (కాంతిని వంచే కొలత) బాగా ఎక్కువగా ఉన్న ఖనిజాల తళుకును అడమంటైన్ మెరుపు అంటారు. మామూలు గాజు గుణకం సుమారు 1.5, వజ్రానిది 2.42.

సూరత్‌లో: ఈ రెండర్థాలూ ఒకేచోట కనిపించేది గుజరాత్‌లోని సూరత్ నగరపు వజ్రాల సానకార్ఖానాల్లో. వజ్రాన్ని అరగదీయడానికి వజ్రపు పొడే కావాలి. నూనెలో కలిపిన ఆ పొడిని గిర్రున తిరిగే చక్రానికి పట్టించి, దానిపై రాయిని ఆనిస్తారు. వజ్రం గట్టితనం అన్ని దిశల్లో ఒకేలా ఉండదు. అరిగే దిశను పనివాడు పసిగట్టాలి. ముఖం నునుపుదేలాకే అసలు మెరుపు బయటపడుతుంది. 17వ శతాబ్దంలో కృష్ణాతీరపు కొల్లూరు వజ్రపు గనులను చూసిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే సూరత్ రేవుకూ వచ్చాడు. ఇక్కడి వజ్రాల వ్యాపార కేంద్రం డైమండ్ బోర్స్ 2023 డిసెంబరు 17న ప్రారంభమైంది.

గమనిక: మెరుపు వేరు, గట్టితనం వేరు. సెరుసైట్ అనే సీసపు ఖనిజానిది అడమంటైన్ మెరుపే అయినా, మోస్ కొలమానంపై దాని కాఠిన్యం 3 నుంచి 3.5 మాత్రమే, వజ్రానిది 10.