అర్జీ నుండి కవర్ లెటర్ దాకా: ఉద్యోగ విన్నపం – ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

ఉద్యోగం కోరి రాసే లేఖకు సాహిత్య చరిత్రలో సాధారణంగా చోటు దొరకదు. పరిపాలనా చరిత్రలో అది దస్త్రంలోని ఒక కాగితం మాత్రమే. అయితే ఒక సమాజంలో చదువుకున్నవాడు అధికారం ముందు తన్ను తాను ఎట్లా నిలుపుకొన్నాడో తెలిపే రచన ఇంతకంటె సూటిగా మరొకటి లేదు. నేటి ఎన్టీఆర్ జిల్లాలోని మైలవరం పరిసరాల్లో ఇంజనీరింగు చదివే యువకులు ఏటా ఇటువంటి లేఖలు రాస్తారు. దానిని వారు కవర్ లెటర్ అంటారు. వారి తాతలు దరఖాస్తు అన్నారు. ముత్తాతలు అర్జీ అన్నారు. పేరు మారింది, భాష మారింది, కాగితం స్థానంలో తెర వచ్చింది. లేఖలోని స్వరం మారిందా అన్నది ఈ వ్యాసం పరిశీలించే అంశం.

ఉద్యోగ విన్నపంలో మొదటి నుండి రెండు ధోరణులున్నాయి. ఒకటి కటాక్షాన్ని కోరేది, రెండవది సాక్ష్యాన్ని చూపేది. కటాక్షం కోరే లేఖ చదివేవాని గొప్పతనాన్ని వర్ణిస్తుంది. సాక్ష్యం చూపే లేఖ రాసేవాని పనిని ముందు పెడుతుంది. మంచి లేఖ రెండవ కోవకు చెందుతుందనీ, అంతటి లేఖ కూడా చదివే కన్నును బట్టే ఫలిస్తుందనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

మాటల సాక్ష్యం

విన్నపం సంస్కృత ‘విజ్ఞాపన’కు తద్భవం, తెలియజేయడం దాని మూలార్థం. తెలుగు వాడుకలో అది క్రమంగా వేడుకోలు అయింది. అర్జీ అరబీ మూలం నుండి, దరఖాస్తు పారసీ నుండి గోలకొండ, మొగలాయి పాలనల ద్వారా మన కచేరీలకు వచ్చాయి. సిఫారసు కూడా ఆ దారినే వచ్చింది. వీటన్నిటిలోకీ ఎక్కువ చెప్పే మాట ఉమేదువారు. ఉమేదు అంటే ఆశ. ఉమేదువారు ఆశపెట్టుకొని ఉన్నవాడు. కంపెనీ పాలన నాటి జిల్లా కచేరీల్లో జీతం లేకుండా నకళ్లు రాస్తూ, లెక్కలు నేర్చుకొంటూ, ఎప్పుడో ఒకప్పుడు ఖాళీ ఏర్పడితే తనకు దక్కుతుందని కాచుకొని ఉండే యువకుణ్ణి అట్లా పిలిచేవారు. ఉద్యోగార్థికి భాష ఇచ్చిన పేరులోనే అతని స్థితి ఉంది. అతని చేతిలో ఉన్నది యోగ్యత కాదు, ఆశ.

ఆనాటి అర్జీల రచనా పద్ధతి ఈ స్థితికి తగినట్లే ఉండేది. ‘మహారాజరాజశ్రీ’ అన్న సంబోధన, చిత్తగించవలెనన్న ప్రార్థన, తాను తాబేదారునన్న వినయం, తన కుటుంబభారం, చివర తమరి కటాక్షమే దిక్కన్న నివేదన – ఇదీ క్రమం. ఈ నమూనాలో అర్జీదారుకు ఏ పని వచ్చునన్నది తరచు కుటుంబభారం వెనుక దాగిపోయేది. కడప, మచిలీపట్నం, రాజమహేంద్రవరాలలో పనిచేసిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ ఈ కాగితాల విలువను గుర్తించాడు. 1850ల తొలి సంవత్సరాల్లో మద్రాసులో వెలువడిన అతని తెలుగు రీడరులో సొంత ఉత్తరాలు, వ్యవహార లేఖలు, పోలీసు, రెవెన్యూ కాగితాలు పాఠాలుగా చేరాయి. కావ్యాలు చదివిన దొరకు కూడా కచేరీకి వచ్చే కాగితం అర్థం కాదని బ్రౌన్ ఎరుగును. జనం నిజంగా రాసే తెలుగు అందులోనే ఉంది.

ఏలూరు సోదరుల ఉదాహరణ

కృష్ణా గోదావరుల నడుమనున్న ఏలూరు నుండి వెళ్లిన కావలి సోదరుల చరిత్ర ఈ విషయంలో ముఖ్యమైన ఆధారం. 1776లో పుట్టిన కావలి వెంకట బొర్రయ్య కల్నల్ కాలిన్ మెకంజీ వద్ద చేరి శాసనాలు, కైఫీయతులు, వంశావళులు సేకరించే పనికి మార్గం వేశాడు. ముప్పై ఏళ్లయినా నిండకముందే 1803లో మరణించాడు. ఈ దేశపు విద్యలోకి తనకు ప్రవేశం కల్పించినది అతని పరిచయమేనని మెకంజీ 1817లో సర్ అలెగ్జాండర్ జాన్‌స్టన్‌కు రాసిన లేఖలో ఒప్పుకొన్నాడు. తమ్ముడు కావలి వెంకట రామస్వామి దక్కను కవుల జీవితాలను ఆంగ్లంలో రచించి 1829లో కలకత్తాలో ప్రకటించాడు. బొర్రయ్య అనంతరం సేకరణ బాధ్యతను మోసినవాడు మరొక సోదరుడు లక్ష్మయ్య.

1821లో మెకంజీ మరణించాడు. గ్రామగ్రామానికి మనుషులను పంపి, వారి నివేదికలను సరిచూసి, వేల పుటల సామగ్రిని కూర్చిన యంత్రాంగం ఆగిపోయింది. ఆ పనిని తనకు అప్పగిస్తే కొనసాగిస్తానని లక్ష్మయ్య విన్నవించాడు. ఆ విన్నపం వెనుక రెండు దశాబ్దాల పని ఉంది. తాను చేసిన కృషి సంగ్రహాన్ని కూడా ఆయన సమర్పించాడు. మన పరిభాషలో ఇది సాక్ష్యం చూపే లేఖ.

విషయం కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీ అభిప్రాయానికి వెళ్లింది. జేమ్స్ ప్రిన్సెప్ కార్యదర్శిగా ఉన్న కాలంలో, 1836లో, సంఘం ప్రతికూలంగా తీర్పు చెప్పింది. అంత విస్తృతమైన ప్రణాళికకు విశేషాల నుండి సామాన్య సిద్ధాంతాలను రాబట్టగల మేధ అవసరమనీ, అది లక్ష్మయ్యకే కాదు, ఏ దేశీయునికైనా ఉన్నదనడం కష్టమనీ దాని సారాంశం. మెకంజీ వ్రాతప్రతులను పరిశీలించే పని మద్రాసులోని రెవరెండ్ విలియం టేలరుకు దక్కింది.

ఈ తీర్పులో గమనించవలసిన సంగతి ఒకటుంది. లక్ష్మయ్య సమర్పించిన సంగ్రహంలో లోపాలున్నవని మాత్రమే అని ఉంటే అది ఒక అభ్యర్థిపై విమర్శ అయ్యేది. ‘ఏ దేశీయునికైనా’ అనడంతో తీర్పు లేఖను దాటి పుట్టుకను చేరింది. ఎంత మంచి లేఖ రాసినా దానికి జవాబుండదు. ఉద్యోగ విన్నపపు చరిత్రను లేఖ రాసే నేర్పు చరిత్రగా మాత్రమే చెప్పరాదనడానికి ఇది కారణం.

యోగ్యతాపత్రాల కాలం

లక్ష్మయ్య తరువాతి తరం ఈ అడ్డంకిని మరొక విధంగా ఎదుర్కొంది. 1839లో మద్రాసు రాజధాని ప్రజలు సుమారు 70,000 సంతకాలతో ఉన్నత విద్య కోరుతూ గవర్నరుకు మహజరు సమర్పించారు. 1843లో రాబర్టు నోబుల్ మచిలీపట్నంలో ఆంగ్ల పాఠశాల తెరిచాడు. 1844లో గవర్నర్ జనరల్ హార్డింజి ఆంగ్ల విద్య నేర్చినవారికి ప్రభుత్వోద్యోగాల్లో ప్రాధాన్యం ఇవ్వవలెనని తీర్మానించాడు. 1857లో మద్రాసు విశ్వవిద్యాలయం ఏర్పడింది. దీనితో అర్జీకి ఒక కొత్త జోడు వచ్చింది, అదే యోగ్యతాపత్రం. పుట్టుకకు బదులు పరీక్ష అన్న సూత్రం కనీసం కాగితం మీద నిలిచింది.

దీనివల్ల కలిగిన మేలు పెద్దది. నష్టం కూడా ఉంది. పట్టం చేతికి రాగానే తన పనిని తన మాటల్లో చెప్పుకొనే అవసరం తగ్గింది. దరఖాస్తు నమూనాగా బిగిసిపోయింది. తెలుగు అర్జీలోని తాబేదారు స్వరం మాత్రం ఆంగ్లంలోకి సుఖంగా ప్రవేశించింది. వినయపూర్వకంగా వేడుకొంటున్నానన్న మొదలు, విధేయుడైన సేవకుడినన్న ముగింపు తరతరాలు నిలిచాయి.

గుమాస్తా రాసిన రెండు లేఖలు

పట్టం లేనివాడు ఏం చేయాలి? ఈ ప్రశ్నకు అదే మద్రాసు రాజధానిలో శ్రీనివాస రామానుజన్ లేఖలు సమాధానం చెబుతాయి. ఎఫ్.ఎ. పరీక్షలో తప్పిన ఆయనను కొంతకాలం ఆదుకొన్నవాడు నెల్లూరు కలెక్టరుగా ఉన్న దివాన్ బహద్దూర్ రామచంద్రరావు. 1912 ఫిబ్రవరి 9న రామానుజన్ మద్రాసు పోర్టు ట్రస్టుకు గుమాస్తా పని కోరుతూ దరఖాస్తు రాశాడు. మెట్రిక్యులేషన్ గెలిచినట్లూ, ఎఫ్.ఎ. దాకా చదివి ప్రతికూల పరిస్థితుల వల్ల ముందుకు సాగలేకపోయినట్లూ చెప్పాడు. అటుపై కాలమంతా గణితానికే వినియోగించినట్లు తెలిపి, అప్పగించే పనికి న్యాయం చేయగలనన్నాడు. ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు మిడిల్‌మాస్ట్ ఇచ్చిన సిఫారసు దానికి తోడైంది. మార్చి 1 నుండి నెలకు 30 రూపాయల జీతంపై పని దొరికింది. లోపాన్ని దాచకపోవడం, దానిపై విలపించకపోవడం, వెంటనే చేస్తున్న పనికి రావడం ఈ చిన్న దరఖాస్తులోని మూడు గుణాలు.

మరుసటి ఏడు 1913 జనవరి 16న కేంబ్రిడ్జిలోని హార్డీకి రాసిన లేఖలో ఆయన తాను ఏడాదికి 20 పౌండ్ల జీతగాడైన గుమాస్తానని, విశ్వవిద్యాలయ చదువు లేదని మొదటనే చెప్పాడు. ఆ తరువాత లేఖతో పంపినవి సిద్ధాంతాలు. హార్డీ, లిటిల్‌వుడ్ కలిసి వాటిని పరిశీలించారు. 1914లో రామానుజన్ కేంబ్రిడ్జికి వెళ్లాడు. లక్ష్మయ్య కూడా తన పనినే పంపాడు. ఒకరి సాక్ష్యాన్ని చదివినవారు అందులోని విషయాన్ని పరీక్షించారు. మరొకరి సాక్ష్యాన్ని చదివినవారు సమర్పించినవాని జాతిని చూశారు.

సాక్ష్యం చూపే పద్ధతి ఒక దేశానిది కాదు. సుమారు 1482లో లియొనార్డో డావించి మిలాను ప్రభువు లుడోవికో స్ఫోర్జాకు రాసిన లేఖ ముసాయిదాలో వంతెనలు, ముట్టడి యంత్రాలు, ఫిరంగులు వరుస సంఖ్యలతో వస్తాయి; చిత్రకళ చివరకు వస్తుంది. యుద్ధచింతలో ఉన్న ప్రభువుకు ముందు ఏది కావాలో అతడు ఎరుగును. అనుమానముంటే చేసి చూపుతానని ముగించాడు.

మైలవరం రంగస్థలం

చేసి చూపడమే అర్జీ అయిన వృత్తి మైలవరంలోనే ఉండేది. ఇరవయ్యో శతాబ్ది తొలి దశకాల్లో మైలవరం జమీందారుల పోషణలో వెలసిన బాలభారతీ నాటక సమాజం నటులకు జీతాలిచ్చి ఆంధ్రదేశమంతటా పేరు పొందింది. యడవల్లి సూర్యనారాయణ వంటి నటులు అక్కడ వెలుగొందారు. రంగస్థలం మీద పద్యం అందుకొన్నవాని యోగ్యత అక్కడికక్కడే తేలిపోతుంది. వర్ణన అక్కరలేదు. అటువంటి అవకాశం లేని ఉద్యోగార్థికి ఆ రంగస్థలం పని చేయవలసినది లేఖే.

ముగింపు

నేటి మైలవరం విద్యార్థి కవర్ లెటరులో సంస్థ కీర్తిని పొగిడే మొదటి పేరా పాత ‘మహారాజరాజశ్రీ’కి వారసురాలు. కష్టపడే స్వభావం నాకున్నదన్న వాక్యం ఎవరైనా రాయగలిగినది, కాబట్టి ఎవరి గురించీ ఏమీ చెప్పదు. పై చరిత్ర నుండి మంచి లేఖకు నాలుగు లక్షణాలు తేలుతున్నాయి. ఏ పని కోరుతున్నాడో మొదటి వాక్యాల్లోనే తెలియాలి. చదివేవారికి అవసరమైన నేర్పు ముందు, తనకు ప్రియమైనది తరువాత రావాలి. ప్రతి గుణానికీ తాను చేసిన ఒక పని సాక్ష్యంగా ఉండాలి: కట్టిన నమూనా, రాసిన ప్రోగ్రాం, సరిదిద్దిన లెక్క, ఏదైనా సరే. చదువులో విరామమో వైఫల్యమో ఉంటే ఒక్క వాక్యంలో నిజం చెప్పి ముందుకు సాగాలి. ఇదంతా ఒక పుటలో ఇముడుతుంది.

ఈ బాధ్యత రాసేవానిది మాత్రమే కాదు. వందల లేఖల్లో ఊరి పేరు, కళాశాల పేరు, ఇంటిపేరు చూసి పక్కన పెట్టే చేయి 1836 నాటి తీర్పునే మళ్లీ రాస్తోంది. లక్ష్మయ్య విన్నపం తిరస్కృతమైంది గాని, ఆ సోదరులు కూర్చిన కైఫీయతులు లేకుండా నేడు తెలుగు గ్రామచరిత్ర రాయలేము. ఉమేదువారు అన్న మాటలో మిగిలింది ఆశ ఒక్కటే. దానికి పనిని జోడించడం రాసేవాని వంతు, ఆ పనిని పనిగా చదవడం చదివేవాని వంతు.