బెర్లిను జాజ్ ఉత్సవమున పాలకొల్లు మాండొలిన్

తమకు ప్రియమైన గిటారు విద్వాంసుని వినుటకై సముద్రములు దాటి ఐరోపాలోని జాజ్ సంగీతోత్సవములకు పోవు రసికులు మన దేశమునను గలరు. అట్టి యుత్సవమొకదానికి గోదావరి మండలమునుండి పదునాలుగేండ్ల బాలుడొకడు శ్రోతగా గాక విద్వాంసుడుగా పోయిన చరిత్రను ఈ వ్యాసమున పరిశీలింపదలచితిని. పరదేశపు వాద్యముపై మన సంగీతము చెడక నిలుచునా యను ప్రశ్నకు అందు సమాధానము కలదు. పరభాషల నడుమ తెలుగును నిలుపుకొనగోరు షోలాపురము నేతపేటలవారికి ఈ ప్రశ్న మిక్కిలి దగ్గరిది.

జాజ్ అనునది అమెరికాలోని నల్లజాతివారు ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో న్యూ ఆర్లియన్సు నగరమున పెంపొందించిన సంగీతము. ఒక బాణీని ఆధారముగా గైకొని విద్వాంసుడు అప్పటికప్పుడు క్రొత్త కల్పనలు చేయుట దానికి ప్రాణము. మన రాగాలాపనకును కల్పనస్వరములకును మనోధర్మమెట్టిదో జాజ్ సంగీతమునకు ఈ కల్పన యట్టిది. ఈ సామ్యమువలన ఐరోపా రసికులకు భారతీయ సంగీతముపై ఆదరము కలిగినది. పశ్చిమ బెర్లిను నగరమున 1964లో ఆరంభమైన జాజ్ ఉత్సవము అట్టి వేదికలలో ప్రసిద్ధమైనది.

ఉప్పలపు శ్రీనివాస్ పశ్చిమ గోదావరి జిల్లా పాలకొల్లులో 1969 ఫిబ్రవరి 28న జన్మించెను. తండ్రి సత్యనారాయణగారు క్లారినెట్ వాయించువారు. ఇంటనున్న మాండొలినుపై బాలునకు మక్కువ కలుగుట గమనించి తండ్రి అతనిని ప్రోత్సహించెను. పిదప రుద్రరాజు సుబ్బరాజుగారు అతనికి గురువైరి. వీరు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యులు. సుబ్బరాజుగారికి మాండొలిన్ వాయించుట తెలియదు. వారు కీర్తనను పాడెడివారు. బాలుడు విన్నదానిని తంత్రులపై పలికించెడివాడు. ఈ విషయము ప్రత్యేకముగా గుర్తుంచుకొనదగినది. ఆ చిన్నివ్రేళ్లకు దారి చూపినది కీర్తన పాడిన కంఠమే. 1978లో గుడివాడ త్యాగరాజారాధనోత్సవములలో అతని తొలి కచేరి జరిగెను.

మాండొలిన్ ఇటలీలో పెంపొందిన వాద్యము. దానికి నాలుగు జంటలుగా ఎనిమిది తంత్రులుండును. మీటిన నాదము త్వరలోనే అణగిపోవును. జంటతంత్రులను ప్రక్కకు లాగి గమకము పలికించుట దుష్కరము. గమకము లేని తోడి తోడి కాదు. గమకము లేని భైరవి భైరవి కాదు. కావున ఈ వాద్యము మన సంగీతమునకు తగునా యని సందేహించినవారును గలరు. శ్రీనివాస్ జంటలను విడిచి ఐదు ఒంటితంత్రులను బిగించెను; విద్యుత్సాధనముచే నాదమునకు నిడివి కల్పించెను. అంతట తంత్రి లాగిన కొలది సాగెను, గమకము పలికెను.

1983లో అతనికి బెర్లిను ఉత్సవమున వాయించు అవకాశము కలిగెను. నగరము అప్పటికింకను గోడచే రెండుగా చీలియుండెను. సభలోని శ్రోతలకు మన భాష రాదు. మన రాగముల పేళ్లు తెలియవు. అయినను వారు లేచి నిలిచి హర్షధ్వానములు చేసిరి. జాజ్ సభకు పోయినను ఆ బాలుడు జాజ్ వాయింపలేదు. తాను నేర్చిన కర్ణాటక సంగీతమునే వినిపించెను. వాద్యమున మాట వినబడదు. కాని ఆ వాద్యము వెనుక సాహిత్యమెరిగిన గురువు పాట యుండెను.

ఈ చరిత్రకు రెండవ ప్రక్క జాన్ మెక్‌లాఫ్లిన్ కలడు. 1942లో ఇంగ్లండులోని యార్క్‌షైరున జన్మించిన ఈయన జాజ్ గిటారు విద్వాంసులలో అగ్రగణ్యుడు. అమెరికాలో డాక్టర్ ఎస్. రామనాథన్‌గారియొద్ద వీణ నభ్యసించి, 1970 దశకమున జాకిర్ హుస్సేన్, ఎల్. శంకర్, విక్కు వినాయకరామ్ మున్నగువారితో కూడి ‘శక్తి’ యను బృందమును నెలకొల్పెను. గిటారు మెట్ల నడుమ కొయ్యను పల్లముగా చెక్కించి, తంత్రిని వీణపైవలె లాగుటకు వీలు కల్పించుకొనెను. పాలకొల్లు బాలుడు తంత్రులు తగ్గించెను. ఆంగ్ల విద్వాంసుడు కొయ్య చెక్కించెను. ఇరువురు కోరినదియు గమకమే. 1990 దశకాంతమున ‘రిమెంబర్ శక్తి’ బృందమున వారిరువురు ఒకే వేదిక నలంకరించిరి. మెక్‌లాఫ్లిన్ గిటారు వినవచ్చిన రసికులు ప్రక్కనే మన మాండొలినును వినిరి. శ్రీనివాస్ 1998లో పద్మశ్రీ బిరుదమును పొందెను. 2014 సెప్టెంబరు 19న, నలుబదియైదేండ్ల వయస్సుననే, చెన్నైలో దివంగతుడయ్యెను.

పరాయి వాద్యము మనదగుట క్రొత్త కాదు. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు వయొలినును కర్ణాటక సంగీతమునకు అలవరచిరి. పిదప విజయనగరమున ద్వారం వెంకటస్వామినాయుడుగారి చేతిలో అది తెలుగువారి వాద్యమే యైనది. తెలంగాణమునుండి షోలాపురమునకు వలసవచ్చిన పద్మశాలీలకు ఇట్టి యనుభవము మగ్గముపై కలదు. వారు చేతిమగ్గమునుండి మరమగ్గమునకు మారిరి. చాదరుపై పూవులు, నెమళ్లు తీర్చు జకార్డు సాధనము ఫ్రాన్సు దేశమున 1804 ప్రాంతమున వెలసినది. అయినను షోలాపురపు చాదరు ఈ యూరిదిగానే పేరొంది, భౌగోళిక గుర్తింపును సైతము పొందినది.

అయితే ఇంతమాత్రమున మనము నిశ్చింతగా నుండరాదు. సుబ్బరాజుగారి పాట లేనిచో ఆ మాండొలిన్ మరియొక సంగీతమును పలికియుండెడిది. మా పాఠశాలకు వచ్చు పిల్లలు వీధిలో మరాఠీని, సినిమాలలో హిందీని, ఉద్యోగముకొరకు ఆంగ్లమును నేర్చుచున్నారు. నేర్వవలసినదే. కాని ఇంట తెలుగు మాటాడుచు తెలుగక్షరము చదువలేనివారు మా పేటలలో పలువురు గలరు. ఇందులకు మరాఠీని గాని ఆంగ్లమును గాని నిందించుట న్యాయము కాదు. అవి వాద్యములవంటివి. పాడి వినిపించు కంఠము మన యింటను, మన బడిలోను ఉండవలెను. తెలుగు బడికి పిల్లలను పంపుటకు తల్లిదండ్రులు వెనుకాడుచున్న ఈ దినములలో, రోజున కొక పద్యమునో కథనో చదివి వినిపించు పెద్ద ప్రతి యింటను ఒకరుండిన చాలును. విన్నదానిని పలికించుకొను నేర్పు పిల్లలకు కలదు.