కుక్కపిల్ల అయిదవ గోరు

బనగానపల్లె పేరు వినగానే పలువురకు మామిడిపండు జ్ఞప్తికి వచ్చును. చరిత్ర చదివినవారికి నవాబులును, 255 చదరపు మైళ్ల వారి చిన్న సంస్థానమును, 1948లో అది భారతదేశమున విలీనమైన వృత్తాంతమును జ్ఞప్తికి వచ్చును. పశువులను కాచువారికి మాత్రము ఆ యూరు మఱియొక విధముగా పరిచితము. పోతులూరి వీరబ్రహ్మముగారు గరిమిరెడ్డి అచ్చమ్మగారి ఆవులను రవ్వలకొండపై మేపుచు, మంద చుట్టును గీత గీసి, ఆవులు ఆ గీత దాటక మేయుచుండగా తాము గుహలో కూర్చుండి కాలజ్ఞానము వ్రాసిరని అచ్చటి జనులు చెప్పుకొందురు. యోగికి గీత చాలినది. సామాన్యుడైన గొల్లకును, కురుబకును గీత చాలదు, కుక్క కావలెను.

ఎఱ్ఱమల కొండల ప్రాంతమున గొఱ్ఱెలకాపరి కుక్కకు పని తేలిక కాదు. పగలు నాపరాళ్ల గుట్టల మీదను, ముళ్లకంపలలోను మందవెంట తిరుగవలెను. పైరు కోసిన పిమ్మట ఎరువు కొఱకు నల్లరేగడి చేలలో మంద కట్టిన రాత్రులందు మేలుకొని యుండవలెను. ఈ నంద్యాల జిల్లాలోనే రోళ్లపాడు పచ్చికబయళ్లలో నేటికిని తోడేళ్లు కలవు. అట్టి పనికని ఒక కుక్కపిల్లను తెచ్చుకొన్నవానికి మొదటి దినములలోనే ఒక ప్రశ్న యెదురగును. పిల్ల కాలి లోపలివైపున, నేలకు తగులక, కొంచెము మీదుగా ఒక గోరున్నది. దీనిని తీసివేయవలెనా, ఉంచవలెనా?

తీసివేయుమనువారి మాటలో యుక్తి లేకపోలేదు. ఆ గోరు కంపకు తగులుకొని చీలినచో నెత్తురు కారును. పుండులో పురుగు పడును. పనిచేయు కుక్క పక్షముల తరబడి మూలపడును. ఉంచుమనువారు, పుట్టుకతో వచ్చిన అవయవము ఊరకే రాదందురు. ఉభయులును పెద్దలు చెప్పినదే చెప్పుచున్నారు. కావున ఆ పెద్దలు, మన దేశమునను ఇతర దేశములందును, ఈ గోటిని గూర్చి యేమనుకొనిరో కొంత విచారింతము.

మొదట లెక్క చూతము. సాధారణముగా కుక్క ముంగాళ్లకు అయిదేసి గోళ్లును, వెనుకకాళ్లకు నాలుగేసి గోళ్లును ఉండును, మొత్తము పదునెనిమిది. కొన్నింటికి వెనుకకాళ్లకును అయిదవ గోరు మొలచి ఇరువది యగును. ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో శునకలక్షణములకు ప్రత్యేకముగా ఒక అధ్యాయము వ్రాసెను. మూడు పాదములకు అయిదేసి గోళ్లును, కుడి ముంగాలికి ఆఱు గోళ్లును గలిగి, సింహమువలె నడచుచు, నేలను వాసన చూచుచు పోవు మగకుక్క తన్ను పెంచినవానికి అచిరకాలముననే సంపద చేకూర్చునని ఆయన మతము. ఆడుకుక్కకైనచో ఎడమ ముంగాలికి ఆఱు గోళ్లుండవలెను. లెక్కించినచో ఇరువదియొక్క గోళ్లు. అనగా, నేడు మనము కోయవలెనా వలదా యని తర్కించుచున్న గోరే ఆ కాలమున శుభలక్షణము. అట్టి పిల్లకు ఎవ్వడును కత్తి చూపియుండడు. కాని, ఆ గోరు కుక్క కేమి చేయునని వరాహమిహిరుడు అడుగలేదు. యజమాని కేమి తెచ్చునని మాత్రమే అడిగెను.

ఇంగ్లండు దేశమున ఇందుకు విపరీతము. అచ్చటి నార్మను రాజులు విశాలమైన అడవులను తమ వేటకై ప్రత్యేకించుకొనిరి. ఆ అడవులలో కాపురముండు రైతుల కుక్కలు రాజుగారి జింకలను తఱుమకుండ వాని ముంగాలి గోళ్లు నఱికించుట చట్టమయ్యెను. 1217లో మూడవ హెన్రీ పేర వెలువడిన అరణ్యశాసనమున ఈ విధి స్పష్టముగా కలదు. పాదపు మెత్త చెడకుండ ముంగాలి గోళ్లు మూడింటిని తీయవలెను. మూడేండ్ల కొకమాఱు తనిఖీ జరుగవలెను. గోళ్లు తీయని కుక్క గలవాడు మూడు షిల్లింగులు అపరాధము చెల్లింపవలెను. పాదమును కొయ్యదిమ్మపై నుంచి ఉలిపై ఒక్క దెబ్బ కొట్టి ఆ పని ముగించెడివారని 1598లో అరణ్యచట్టములను గూర్చి గ్రంథము వ్రాసిన జాన్ మాన్‌వుడ్ తెలిపెను. అవి నేలపై ఆని నడచు గోళ్లు. మనము చెప్పుకొనుచున్న మీది గోరు కాదు. అయినను ఆ శాసనము మనకొక సంగతి బోధించుచున్నది. వ్రేలు పోయిన కుక్క పరుగెత్తలేదని ఎఱిగియే, పరుగెత్తకుండుటకే, వా రా పని చేసిరి.

దక్కనులో దాదాపు ఆ కాలమునకు రెండున్నర శతాబ్దులకు ముందే ఒక కుక్క పేర శిల నిలిచినది. మైసూరు సీమలోని ఆతకూరున 949-50 నాటి శాసనమొకటి దొరకినది. గంగరాజగు బూతుగుని వద్ద మణలేరుడను వీరుడు కాళి యను వేటకుక్కను కోరి తీసికొనెను. అది అడవిపందిపై దుమికి, దానిని చంపి, తానును చచ్చెను. దాని పేర శిల నాటి, భూమి దానము చేసిరి. కుక్కయు పందియు పోరాడు బొమ్మ ఆ శిలపై చెక్కబడియున్నది. ఒకచోట పని చేయకుండ కుక్క వ్రేళ్లను తీసిరి. ఒకచోట చేసిన పనికి గుడిముందు రాయి నిలిపిరి.

కోతకు నమ్మకములు తోడగుటయు పాత సంగతియే. క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో రోమను వ్యవసాయ గ్రంథకర్త కొలుమెల్లా, కాపరికుక్క పిల్లలకు నలువదవ నాడు తోక కొన తీయించినచో పిచ్చి పుట్టదని గొల్లలు చెప్పగా విని వ్రాసెను. కుక్కపిచ్చికిని తోకకును సంబంధము లేదని నేడు బాలురకును తెలియును. కారణము తప్పైనను ఆచారము మాత్రము శతాబ్దులు సాగినది. ఇంకొక వైపున, ఫ్రాన్సు దేశపు బోసెరాన్ అను కాపరికుక్కకు వెనుకకాళ్లకు జంటగోళ్లు లేనిచో ప్రదర్శనములలో దోషముగా ఎంతురు. నార్వే ఉత్తరద్వీపముల కొండకొమ్ములపై పక్షులను పట్టు లుండెహుండ్ కుక్కకు ప్రతి పాదమునకును కనీసము ఆఱు వ్రేళ్లు.

నేటి శాస్త్రము ఈ గోళ్లను రెండు విధములుగా విడదీసినది. ముంగాలి అయిదవ గోరు మన బొటనవ్రేలివంటిది. దానికి ఎముక యున్నది, కీలున్నది, కండరములతో కలుపు స్నాయువు లున్నవి. తోడేలుకును, నల్లమలలోని రేసుకుక్కకును కూడ ముంగాలికి ఈ గోరు కలదు. కుక్క వేగముగా పరుగెత్తి మలుపు తిరుగునపుడు దాని మణికట్టు నేలవైపు వంగును. అపుడు ఈ గోరు నేల నంటి కాలు మెలిపడకుండ ఆపును. ఎముకను పట్టి కొఱుకుటకును ఇది తోడ్పడును. చురుకుదన పందెములలో పాల్గొను కుక్కల యజమానులను ప్రశ్నించి 2018లో అమెరికా పశువైద్య పత్రికలో ఒక పరిశీలనము ప్రకటించిరి. ముంగాలి అయిదవ గోరు లేని కుక్కలకు తక్కిన వ్రేళ్ల గాయములు ఎక్కువగా కనబడినవి. గోళ్లు పొడవుగా పెరుగనిచ్చిన కుక్కలకును అట్లే. ఒక్క పరిశీలనముతో వాదము తీరదు. అయినను ఆ గోరు నిరుపయోగమను మాట ఇక నిలువదు.

వెనుకకాలి అయిదవ గోరు వేఱు. అది తోడేళ్లకు సామాన్యముగా ఉండదు. వ్రేళ్ల పుట్టుకను నడపు జన్యుభాగమున కలిగిన మార్పువలన కొన్ని కుక్కలకు అది వచ్చునని 2008లో తేలినది. కొన్నింటి కది గట్టిగా ఎముకతో కూడియుండును. అనేకములకు కేవలము చర్మముతో వ్రేలాడుచుండును. కంపకు తగులుకొని చీలుట వ్రేలాడు గోటికే ఎక్కువ.

కావున బనగానపల్లె కాపరి తన పిల్లను ఒడిలో పెట్టుకొని ఒక్కొక్క కాలిని వేఱువేఱుగా పరీక్షింపవలెను. ముంగాలి గోరు గట్టిగా నున్నచో ఉంచవలసినదే. అది నేలపై అరుగదు గనుక అప్పుడప్పుడు కొన కత్తిరింపవలెను. లేనిచో వంకరగా పెరిగి మాంసమున గ్రుచ్చుకొనును. వెనుకకాలి గోరు ఎముకతో నిలిచియున్నచో దానిని కదపనక్కఱలేదు. వట్టి చర్మముతో వ్రేలాడుచు, పిల్ల ముళ్లలో తిరుగవలసినదైనచో, తీయించుట న్యాయమే.

అయితే తొందరపడరాదు. ఈ కోత చేయువారు సాధారణముగా పుట్టిన అయిదు దినముల లోపల చేయుదురు. బ్రిటనులో 1966 నాటి పశువైద్యుల చట్టము, పిల్ల కన్ను తెఱువక పూర్వము వైద్యుడు కానివాడును ఈ గోరు తీయవచ్చునని అనుమతించినది. కాని కన్ను తెఱువని పిల్లకు నొప్పి తెలియదను మాట నేటి వైద్యులు ఒప్పుకొనరు. పాలు మఱచిన పిల్లను మనము ఇంటికి తెచ్చునప్పటికి ఆ దినములు ఎట్లును గడచిపోయియుండును. ఇక మిగిలినది పశువైద్యుని చేత మత్తు ఇప్పించి తీయించుటయే. మఱియొక శస్త్రము చేయించునపుడే దీనినిగూడ చేయించుకొనవచ్చును. ఇంటివద్ద దారముతో బిగించుట, కత్తెరతో కోయుట తగదు. మన దేశపు 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము అంగచ్ఛేదమును నేరముగా ఎంచుచున్నది. పశువుల కొమ్ములు తీయుట, వృషణములు తీయుట, వాత వేయుట, ముకుత్రాడు వేయుట విధి ప్రకారమైనచో నేరము కావని అందు మినహాయింపు గలదు. కుక్క గోరు మాట అందు లేదు.

నన్నయభట్టు రాజమహేంద్రవరమున తెనిగించిన భారతమున, ఆదిపర్వపు తొలి కథలలో ఒకటి కుక్కపిల్ల కథ. జనమేజయుని తమ్ములు యజ్ఞభూమిలో ఏ తప్పును చేయని సారమేయుని కొట్టిరి. తల్లి సరమ రాజు నెదుటికి వచ్చి, నా బిడ్డ చేసిన అపరాధమేమని నిలదీసెను. రాజు వద్ద సమాధానము లేదు. పిల్ల కాలు పట్టుకొని కత్తెర అడుగువానికిని అదే ప్రశ్న వర్తించును. ఈ గోరు చేయు అపకారమేమని చూపగలిగినచో వైద్యునికడకు పోవచ్చును. చూపలేనిచో గోటిని, పిల్లను వదలివేయుట మేలు.