ఎనిమిది కప్పుల టీ

కాఫీ కలిపే తీరు మీద మన ఇళ్లల్లో జరిగే వాదులాటలు మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. అలాంటి వాదన ఒకటి 1920లలో ఇంగ్లండులో, రాథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధనా కేంద్రంలో వచ్చింది. రొనాల్డ్ ఫిషర్ అనే గణాంక శాస్త్రవేత్త అందించిన టీ తనకొద్దన్నారు మ్యూరియల్ బ్రిస్టల్. ఆవిడ మట్టిలో పెరిగే నాచు మీద పరిశోధన చేసే శాస్త్రజ్ఞురాలు. కప్పులో పాలు ముందు పోసి, ఆ మీద టీ పోస్తేనే రుచిట! ఏది ముందు పోసినా ఒకటేనన్నారాయన. కాదు, తాగి చెప్పగలనన్నారావిడ.

ఇలాంటప్పుడు మనమైతే నవ్వి ఊరుకుంటాం. వాళ్లు పరీక్ష పెట్టారు. ఎలాగంటారా? ఒక్క కప్పిచ్చి అడిగితే లాభం లేదు, గుడ్డిగా చెప్పినా సగానికి సగం అవకాశం ఉంటుంది. 1935లో అచ్చయిన తన పుస్తకంలో ఫిషర్ ఇలా వివరించారు: మొత్తం 8 కప్పులు, నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో టీ ముందు. ఏ నాలుగు ఏవో ఆవిడ విడదీయాలి. ఎనిమిదిలోంచి నాలుగు ఎంచడానికి 70 దారులు, సరైనది ఒక్కటే.

ఒక్క జత తారుమారైతేనో? ఆరు కప్పులు సరిగ్గా చెప్పింది పాపం, ఒప్పుకుందాం అనిపిస్తుంది కదూ! కానీ అలా తారుమారు కావడానికి 16 దారులున్నాయి. సరైనదానితో కలిపితే 70లో 17, అంటే ఇంచుమించు నాలుగో వంతు. రుచి తెలియనివాళ్లకీ అంత అదృష్టం పట్టచ్చు. అందుకే గెలుపంటే ఏమిటో ముందే అనుకోవాలి.

నాకు బాగా నచ్చింది కప్పులు అందించే వరస. పాలు ముందు పోసినవన్నీ మొదట ఇచ్చేస్తే, మిగతావి చల్లారిపోతాయి. ఆవిడ కనిపెట్టింది రుచో, వేడో ఎలా తెలుస్తుంది? కప్పుల మందం, పంచదార, వేడి అన్నీ సమానం చేయడం ఎవరి తరం? కాబట్టి వరసను పేకముక్కలకో, పాచికలకో వదిలేయమన్నారు ఫిషర్.

ఇదేదో టీ ముచ్చట అనుకునేరు. బ్రిటన్‌లో క్షయరోగులకు స్ట్రెప్టోమైసిన్ పనిచేస్తుందా అని చూసినప్పుడు, ఎవరికి మందివ్వాలో డాక్టరు ఇష్టానికి వదల్లేదు. ముందే చీటీలు వేసినట్టు నిర్ణయించి, కవర్లలో పెట్టి అంటించారు. 1948లో ఫలితాలు అచ్చయ్యాయి. ఆరు నెలల్లో మందు తీసుకున్న 55 మందిలో నలుగురు పోయారు, తీసుకోని 52 మందిలో 14 మంది. మందు అందరికీ సరిపడా లేని రోజులవి.

అన్నట్టు, మన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు కేంబ్రిడ్జిలో డాక్టరేటు చేసింది ఈ ఫిషర్‌గారి దగ్గరే.

ఇంతకీ బ్రిస్టల్ గెలిచారా? అన్నీ సరిగ్గానే చెప్పారని తరవాతి వాళ్లు రాశారు. ఫిషర్ పుస్తకంలో మాత్రం ఆ సంగతి లేదు. ఆవిడ పేరూ లేదు, 'ఒక మహిళ' అని ఊరుకున్నారు.